కంటి లోపలికి తొంగి చూసిన వైద్యుడు: ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె

కళ్ళజోడు నంబరు కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతివారికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. గడ్డం ఒక స్టాండు మీద ఆనించి కూర్చోమంటారు. మెషీను కంటి మీదికి తుస్సుమని గాలి ఊదుతుంది, మనం ఉలిక్కిపడతాం. తర్వాత చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక, కళ్ళు చెదిరే వెలుగు వేసి లోపలికి చూస్తారు. అనుమానం ఉంటే ఒక గిన్నెలాంటి తెర ముందు కూర్చోబెట్టి, మెరుపు కనిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు. బయటకు వచ్చి, ఇన్సూరెన్స్ కాగితాలు సర్దుకుని, పనిలో పడిపోతాం. ఆ మూడు పరీక్షలూ ఎందుకు చేశారో అడిగేవాళ్ళు తక్కువ.

నేనూ అడగలేదు. మా పెద్ద మామయ్యగారి కళ్ళు పోయేదాకా అడగాలనే తోచలేదు. ఆయన గుంటూరు జిల్లాలో మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. చూపు మసకబారుతోందంటే శుక్లం ఇంకా ముదరలేదని, ముదిరాక ఆపరేషన్ చేయించుకోవచ్చని ఎవరో చెప్పారు. ఆయనా సరేనని రెండేళ్ళు ఆగారు. ఈలోగా గుమ్మాలకు భుజాలు కొట్టుకోవడం, పక్కనుంచి వచ్చే సైకిలు కనపడకపోవడం మొదలైంది. అది పెద్దతనం అనుకున్నారు ఇంట్లోవాళ్ళు. చివరికి శుక్లం తీసినా చూపు రాలేదు. శుక్లం వెనకాల ఇంకో జబ్బు ఉంది. దాన్నే గ్లాకోమా అంటారు, మన వైపు నీటికాసులు అంటారు. అది నేత్రనాడిని అప్పటికే ఎండగట్టేసింది.

ఆ తర్వాత ఈ జబ్బు గురించి చదవడం మొదలుపెడితే, ఏ పుస్తకం తిరగేసినా ఒకే పేరు ఎదురయింది. జర్మనీకి చెందిన ఆల్‌బ్రెక్ట్ ఫాన్ గ్రేఫె. ఆయన బతికింది 42 ఏళ్ళే. గ్లాకోమా వస్తే ఇక గుడ్డితనమే అని ప్రపంచమంతా చేతులెత్తేసిన రోజుల్లో, దాన్ని ఆపవచ్చని మొదటిసారి చేసి చూపించినవారు ఆయన. ఈ వ్యాసం ఆయన కథ.

ముక్కు కట్టిన తండ్రి, కన్ను కాపాడిన కొడుకు

గ్రేఫె 1828 మే 22న బెర్లిన్‌లో కలవారి ఇంట పుట్టారు. తండ్రి కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫె యూరప్ అంతటా పేరున్న సర్జన్, బెర్లిన్ యూనివర్సిటీలో సర్జరీ ప్రొఫెసర్. నెపోలియన్‌తో జరిగిన యుద్ధాల్లో సైన్యానికి వైద్యం చేసిన మనిషి. తెగిన ముక్కును మళ్ళీ కట్టడం గురించి ఆయన 1818లో ఒక పుస్తకం రాశారు. నుదుటి చర్మాన్ని కిందికి మడిచి ముక్కును కట్టే భారతీయ పద్ధతిని అందులో వివరంగా చర్చించారు. మన దేశంలో తరతరాలుగా ఉన్న విద్య బెర్లిన్ ప్రొఫెసరు బల్ల మీదికి చేరిందన్నమాట.

1840లో హనోవర్ యువరాజు కంటికి ఆపరేషన్ చేయమని ఆ తండ్రిని పిలిపించారు. వెళ్ళినవారు అక్కడే జబ్బుపడి చనిపోయారు, ఆపరేషన్ జరగనేలేదు. అప్పటికి మన గ్రేఫె వయసు పన్నెండేళ్ళు.

కుర్రవాడు చదువులో అసాధ్యుడు. లెక్కలన్నా భౌతికశాస్త్రమన్నా ప్రాణం. పదహారేళ్ళు నిండకముందే బెర్లిన్ యూనివర్సిటీలో చేరి, 1847లో పంతొమ్మిదేళ్ళకే డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు. శరీరం పనిచేసే తీరును ప్రయోగాలతో తేల్చాలని పట్టుబట్టిన యోహానెస్ మ్యుల్లర్ వంటి గురువుల దగ్గర చదివారు. ఊహించడం వేరు, చూసి నిర్ధారించడం వేరన్న పాఠం అక్కడే ఒంటబట్టింది.

గురువులను వెతుక్కుంటూ

ఆ కాలంలో బెర్లిన్‌లో కంటి వైద్యానికి విడిగా పీఠం లేదు. కళ్ళు సర్జన్ చేసే పదిపనుల్లో ఒకటి. పట్టా చేతికొచ్చాక గ్రేఫె పైచదువుకు దేశాలు పట్టి తిరిగారు. ముందు ప్రాగ్ వెళ్ళారు. అక్కడ ఫెర్డినాండ్ ఆర్ల్ట్ అనే కంటి వైద్యుడి దగ్గర పనిచేశాక, జీవితమంతా కళ్ళకే అంకితం చేయాలని నిర్ణయం చేసుకున్నారు. తర్వాత పారిస్, అక్కడి నుంచి వియన్నా, చివరికి లండన్.

1851లో లండన్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ ఏడాదే అక్కడ ఆయనకు ఇద్దరు స్నేహితులు దొరికారు. ఒకరు ఇంగ్లీషు సర్జన్ విలియమ్ బౌమన్. రెండోవారు హాలండ్‌కు చెందిన ఫ్రాన్స్ డాండర్స్. ముగ్గురివి మూడు దేశాలు, మూడు భాషలు. అయినా బతికినన్నాళ్ళూ ఒకరు కనిపెట్టింది మరొకరికి ఉత్తరాల్లో రాసుకుంటూ, తప్పుంటే దిద్దుకుంటూ పోయారు. కళ్ళజోడు నంబరు శాస్త్రీయంగా నిర్ణయించే పద్ధతి ఇచ్చింది డాండర్సే.

తిరిగి వచ్చిన గ్రేఫె బెర్లిన్‌లో సొంత కంటి వైద్యశాల తెరిచారు. డబ్బు లేనివారికి ఉచితంగా చూస్తానని ప్రకటించారు. మొదట అద్దె గదులు, తర్వాత 1852లో కార్ల్ వీధిలో సొంత ఆసుపత్రి. కొన్నేళ్ళకు అది వందకు పైగా పడకల ఆసుపత్రి అయింది. రాజవంశీకులూ వచ్చేవారు, పల్లెటూళ్ళ నుంచి బండ్లలో కూలివాళ్ళూ వచ్చేవారు. పొద్దున్నే మొదలైన పని అర్ధరాత్రి దాకా సాగేది. ఒక పక్క రోగులు, ఇంకో పక్క పాఠాలు, రాత్రిపూట రాతపని.

చీకటి గదిలో దీపం

గ్రేఫె అదృష్టమేమిటంటే సరిగ్గా ఆ సమయానికే ఒక పరికరం పుట్టింది. 1850 చివర్లో హెర్మన్ హెల్మ్‌హోల్ట్స్ అనే శాస్త్రవేత్త కంటిలోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోప్ తయారు చేసి, 1851లో దాని వివరాలు ప్రచురించారు.

మన కంటిపాప ఎప్పుడూ నల్లగానే కనిపిస్తుంది కదా. లోపల వెలుగు లేక కాదు. లోపలికి వెళ్ళిన వెలుగు వచ్చిన దారినే తిరిగి పోతుంది. ఆ దారిలో మన తల పెట్టి చూద్దామంటే, వెలుగుకే మన తల అడ్డం. హెల్మ్‌హోల్ట్స్ ఆ దారిలో గాజుపలకలను ఏటవాలుగా నిలబెట్టారు. పక్కనున్న దీపం వెలుగు గాజు మీద పడి కంటిలోకి పోతుంది. తిరిగి వచ్చిన వెలుగులో కొంత అదే గాజు గుండా దాటి డాక్టరు కంటికి చేరుతుంది. అంతే! బతికున్న మనిషి శరీరంలో నాడినీ రక్తనాళాలనూ కోత లేకుండా చూడడం అదే మొదలు.

చాలామంది పెద్ద డాక్టర్లు దాన్ని పట్టించుకోలేదు. అంత వెలుగు వేస్తే జబ్బు కన్ను ఇంకా పాడవుతుందని కొందరు భయపెట్టారు కూడా. ఇరవై మూడేళ్ళ గ్రేఫె మాత్రం ఆనందంతో ఊగిపోయారు. అప్పటిదాకా పైకి కన్ను బాగానే ఉండి చూపు లేకపోతే, కారణం తెలియని గుడ్డితనమని పేరు పెట్టి ఊరుకునేవారు. ఆ పేరు కింద దాక్కున్న జబ్బులను గ్రేఫె ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలుపెట్టారు. రెటీనాకు పోయే రక్తనాళం మూసుకుపోతే ఉన్నట్టుండి చూపు పోతుందని 1859లో, మెదడులో కంతి పెరిగితే నేత్రనాడి మొదలు వాస్తుందని 1860లో చూపించారు.

వీటినంతా రాయడానికి 1854లో ఒక పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు. మరుసటి ఏడు ఆర్ల్ట్, డాండర్స్ సంపాదకులుగా చేరారు. ఆ పత్రిక గ్రేఫె పేరుతోనే నేటికీ వెలువడుతోంది.

గుట్టా? గుంటా?

ఇప్పుడు అసలు కథకు వద్దాం. గ్లాకోమా అన్న పేరు ప్రాచీన గ్రీకుల కాలం నుంచీ ఉంది. కంటిపాప నీలిపచ్చగా మారి చూపు పోవడాన్ని వాళ్ళు అలా పిలిచారు. అందులో శుక్లమేదో, గ్లాకోమా ఏదో వేల ఏళ్ళపాటు స్పష్టంగా విడదీయలేకపోయారు. మా మామయ్యగారి విషయంలో జరిగిన పొరపాటు అంత పాతదన్నమాట! 19వ శతాబ్దం మొదటి భాగంలో, ఈ జబ్బులో కంటిగుడ్డు రాయిలా గట్టిపడుతుందని గ్లాస్గోకు చెందిన విలియమ్ మెకంజీ వంటివారు గుర్తించారు. అయినా వైద్యం లేదు. జలగలు పట్టించడం, పాదరసం మందులు, నల్లమందు. కన్ను పోవడం మాత్రం ఆగేది కాదు.

గ్రేఫె కొత్త పరికరంతో ఈ కళ్ళలోకి చూశారు. రెటీనా నుంచి వచ్చే నరాల పోగులన్నీ కంటి వెనక ఒక గుండ్రటి బిళ్ళలాంటి చోట కలిసి, నేత్రనాడిగా మారి మెదడుకు పోతాయి. ఆ పోగులు దాదాపు పది, పన్నెండు లక్షలుంటాయి. గ్లాకోమా ఉన్నవారిలో ఆ బిళ్ళ ఆకారం మారిపోయి ఉంది. రక్తనాళాలు దాని అంచు దగ్గర విరిగినట్టు వంగుతున్నాయి. ఆ బిళ్ళ గుట్టలాగా పైకి ఉబ్బిందని గ్రేఫె 1854లో రాశారు.

అది తప్పు. ఒంటికన్నుతో చూసే పరికరంలో ఎత్తుపల్లాలు సరిగా తెలియవు. కాగితం మీద వేసిన గుంట బొమ్మను కాసేపు చూస్తుంటే గుట్టలా కనిపించడం లేదూ, అదే భ్రమ. అడాల్ఫ్ వెబర్ అనే యువవైద్యుడు ఆ భ్రమను ఎత్తి చూపించారు. హైన్రిష్ మ్యుల్లర్ అనే శాస్త్రజ్ఞుడు చనిపోయినవారి కళ్ళను కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, అక్కడ ఉన్నది గుట్ట కాదు, గుంట అని తేల్చారు.

తన పత్రికలో తానే రాసిన సంగతి తప్పని తేలితే ఏం చేయాలి? గ్రేఫె ఒకటి రెండేళ్ళలోనే ఆ తప్పును అచ్చులో ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఊరుకోలేదు. నాడి మొదలు గుంట పడిందంటే, లోపలి నుంచి ఏదో దాన్ని వెనక్కి నొక్కుతూ ఉండాలి. కంటిగుడ్డు వేలికి రాయిలా తగులుతోంది. నాడి మీద ధమని లయగా కొట్టుకుంటూ కనబడుతోంది, అంటే లోపలి ఒత్తిడిని దాటి రక్తం లోపలికి రావడమే కష్టమవుతోంది. ఈ మూడూ కలిపితే జవాబు ఒక్కటే. ఈ జబ్బుకు మూలం కంటి లోపలి ప్రెషర్ పెరగడమే. తన తప్పును దిద్దుకున్న చోటే గ్రేఫెకు దారి దొరికింది.

ఇవాళ డాక్టరు చుక్కలు వేసి, వెలుగు వేసి చూసేది ఆ గుంటనే. ఆ గుంట ఎంత వెడల్పు, రెండు కళ్ళలో సమానంగా ఉందా, పోయిన ఏటికంటే పెరిగిందా అన్నదే ఆ పరీక్ష.

కాగితం మీద గీసిన చూపు

గ్రేఫె చేసిన ఇంకో పని కూడా మనకు రోజూ ఉపయోగపడుతోంది. చూపు అంటే అక్షరాలు చదవడమే కాదు, పక్కనున్నది కనపడడం కూడా. రోగిని నడిమిగుర్తు మీదే చూపు నిలపమని, చుట్టూ ఎంతదాకా కనిపిస్తుందో ఒక్కో దిక్కున పరీక్షించి, దాన్ని కాగితం మీద గీసేవారు. ఈ పద్ధతిని రోజువారీ వైద్యంలోకి తెచ్చి 1856లో ప్రచురించారు. గ్లాకోమాలో ముందు అంచులు పోతాయని, నడిమిచూపు చివరిదాకా నిలుస్తుందని అలా తెలిసింది.

ఈ జబ్బులోని మోసమంతా అక్కడే ఉంది. పేపరు చదవగలుగుతాడు, మనవడి మొహం గుర్తుపడతాడు. గుమ్మం మాత్రం భుజానికి తగులుతుంది. రెండు కళ్ళూ కలిసి ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తాయి కనుక మనిషికి ఏ తేడా తెలియదు. నొప్పీ ఉండదు. తెలిసేసరికి పోవలసింది పోయి ఉంటుంది.

తర్వాత 1889లో డెన్మార్క్‌కు చెందిన యానిక్ బ్యెరుమ్ తన గది తలుపు వెనకభాగాన్నే తెరగా వాడి, నడిమిచూపు చుట్టూ విల్లులా వంగిన చీకటిమచ్చలను పట్టుకున్నారు. ఇవాళ మనం బటన్ నొక్కే కంప్యూటర్ పరీక్ష వెతికేది ఆ మచ్చలనే.

ప్రెషర్ కొలవడం మాత్రం గ్రేఫె కాలంలో వేళ్ళతోనే జరిగేది. మూసిన రెప్ప మీద రెండు చూపుడువేళ్ళు ఆనించి, గుడ్డు ఎంత గట్టిగా ఉందో తడిమి చెప్పేవారు. ఒక కొలత పరికరం కోసం గ్రేఫె 1860ల మొదట్లో ప్రయత్నించారు కాని అది వాడుకకు నిలవలేదు. నార్వేకు చెందిన ష్యోట్స్ పరికరం 1905లో, స్విట్జర్లండ్‌లో గోల్డ్‌మన్ తయారుచేసిన ఇప్పటి పరికరం 1950లలో వచ్చాయి.

కనుపాప అంచున చిన్న కిటికీ

ప్రెషర్ పెరగడమే కారణమైతే, దాన్ని తగ్గించాలి. గ్రేఫె ముందు మందులు ప్రయత్నించారు, లాభం లేకపోయింది. సన్నని సూదిమొనతో కంటి ముందు అరలోని నీరు తీసి చూశారు. నొప్పి తగ్గేది, చూపు కొంత వచ్చేది. కొద్ది రోజులకు మళ్ళీ మొదటికొచ్చేది. దారి సరైనదే, కాని నిలకడ లేదు.

వేరే జబ్బులకు ఆయన ఐరిస్‌లో, అంటే కంటిలోని రంగు పొరలో, చిన్న ముక్క కత్తిరించే ఆపరేషన్ చేస్తుండేవారు. అలా చేసిన కళ్ళు తర్వాత మెత్తబడుతున్నాయని గమనించారు. అదే ఆపరేషన్‌ను 1856లో గ్లాకోమా కళ్ళకు చేశారు. కంటికి చుక్కల మత్తుమందు అప్పటికి లేదు, అది 1884లో గాని రాలేదు. బల్ల మీద పడుకున్న మనిషి తలనొప్పితో, కంటినొప్పితో, వాంతులతో అల్లాడుతూ వచ్చినవాడు. ఆ కంటిలో చిన్న కోత, ఐరిస్‌లో ఒక ముక్క తీసివేత. కొద్ది రోజుల్లో కన్ను మెత్తబడింది, నొప్పి పోయింది. త్వరగా వచ్చినవారికి చూపు కూడా తిరిగి వచ్చింది.

గ్రేఫె తొందరపడి చాటుకోలేదు. నెలల తరబడి ఆ కళ్ళను మళ్ళీ మళ్ళీ చూసి, ఫలితం నిలిచిందని నమ్మకం కుదిరాకే 1857లో తన పత్రికలో సుదీర్ఘమైన వ్యాసం రాశారు. అదే ఏడాది బ్రసెల్స్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ కంటి వైద్యుల మహాసభలో వివరించారు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్ళు. వేల ఏళ్ళుగా గుడ్డితనానికి మారుపేరైన ఒక జబ్బుకు ఆ రోజున వైద్యం దొరికింది.

విచిత్రమేమంటే, అది ఎందుకు పనిచేస్తోందో ఆయనకు తెలియదు. ఆ సంగతి ఆయనే చెప్పారు. మనకిప్పుడు తెలుసు. కంటి లోపల ఎప్పుడూ ఒక పలుచటి నీరు ఊరుతూ, కంటిపాప గుండా ముందు అరలోకి వచ్చి, ఐరిస్‌కూ నల్లగుడ్డు పైపొరకూ మధ్యనున్న మూలలోంచి బయటికి ఇంకిపోతుంది. కొందరికి ఆ మూల ఇరుకు. నీరు పాప దగ్గర ఆగితే ఐరిస్ ముందుకు ఉబ్బి మూలను మూసేస్తుంది. సింకు తూము మూసుకుని కుళాయి తెరిచి ఉంటే ఏమవుతుందో అదే. ఐరిస్‌లో కిటికీ తెరిస్తే నీటికి వేరే దారి దొరికి, ఐరిస్ వెనక్కి వాలి, మూల తెరుచుకుంటుంది. నీరు బయటికి పోయే దారిని 1870లలో చూపించినవారు ఆయన శిష్యుడు థియోడోర్ లేబర్. మూల మూసుకుపోవడం వల్లే ప్రెషర్ పెరుగుతుందని 1876లో చెప్పినవారిలో ఒకరు అదే అడాల్ఫ్ వెబర్. ఇవాళ అదే కిటికీని కత్తి లేకుండా లేజర్‌తో కొద్ది నిమిషాల్లో చేసి పంపిస్తారు.

ఇంకో రకం గ్లాకోమా ఉంది. అందులో మూల తెరిచే ఉంటుంది, కాని నీరు ఇంకే జల్లెడ మొరాయిస్తుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. గ్రేఫె మొదట దాన్ని గ్లాకోమా కానేకాదని, వేరే నాడీజబ్బు అని వాదించారు. కాదు, అదీ ఇదే జబ్బు అని డాండర్స్ 1862లో చెప్పారు. గ్రేఫె మళ్ళీ ఒకసారి మిత్రుడి మాట ఒప్పుకున్నారు. ఆ రకానికి తన ఆపరేషన్ అంతగా పనిచేయదని కూడా దాచకుండా రాశారు.

ఎంతో చేసి, తొందరగా వెళ్ళిపోయి

తర్వాతి పన్నెండేళ్ళూ ఆయన ఆగలేదు. మెల్లకన్ను ఆపరేషన్‌ను మెరుగుపరిచారు. శుక్లం తీయడానికి 1860లలో సన్నని పొడుగాటి కత్తితో కొత్త కోత పద్ధతి తెచ్చి, చీముపట్టి కన్ను పోయే ప్రమాదాన్ని బాగా తగ్గించారు. ఆయన పేరుతో ఉన్న ఆ కత్తి చాలా దశాబ్దాలపాటు ప్రపంచమంతా వాడుకలో ఉంది. 1857లో హైడెల్‌బర్గ్‌లో కొద్దిమంది మిత్రులతో మొదలైన ఆయన సమావేశమే తర్వాత జర్మన్ కంటి వైద్యుల సంఘమైంది.

ఆసుపత్రి నిండా పరదేశాల శిష్యులు. వారిలో హెర్మన్ క్నాప్ 1868లో అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో కంటి, చెవి ఆసుపత్రి స్థాపించి, పత్రిక నడిపి, ఈ విద్యను అక్కడ నాటారు. చదివిన చదువును కొత్త దేశానికి మోసుకొచ్చినవారిలో మనమేమీ మొదటివాళ్ళం కాదు.

ఇన్ని చేసినా పేరూ పదవీ ఆయన ఇంటికి ఆలస్యంగా వచ్చాయి. పూర్తి ప్రొఫెసర్ పదవి 1866లో గాని రాలేదు. ఆరోగ్యం అంతకుముందే పాడయింది. 1861లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి చావు అంచుదాకా వెళ్ళారు. మరుసటి ఏడు డెన్మార్క్‌కు చెందిన ఆనా ఫాన్ క్నుత్‌ను పెళ్ళాడారు. తర్వాత క్షయ పట్టుకుంది. అప్పటికి దానికి మందు లేదు, క్రిమి ఏదో కూడా తెలియదు. ఎండ దేశాలకు వెళ్ళి రావడం, కాస్త తేరుకోగానే మళ్ళీ ఆపరేషన్లు. విశ్రాంతి తీసుకోమని మిత్రులు బతిమాలినా వినలేదు.

1870 జూలై 19న ఫ్రాన్స్ ప్రష్యా మీద యుద్ధం ప్రకటించింది. బెర్లిన్ అంతా ఆ గొడవలో ఉండగా, ఆ మరునాడు జూలై 20న గ్రేఫె కన్నుమూశారు. నలభై రెండేళ్ళు నిండి రెండు నెలలు. భార్య కూడా రెండేళ్ళకే పోయారు. పిల్లలు చిన్నవాళ్ళు.

1882 మే 22న, ఆయన పుట్టినరోజున, బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి పక్కన ఆయన విగ్రహం నిలబెట్టారు. చేతిలో ఆఫ్తాల్మోస్కోప్. ఒక పక్క రంగు పలకల మీద కళ్ళు లేక తడుముకుంటూ వస్తున్నవారు, ఇంకో పక్క చూపు వచ్చి తిరిగి వెళ్తున్నవారు. బెర్లిన్ వెళ్ళేవారు తప్పక చూడవలసిన చోటు అది.

మద్రాసు, హైదరాబాదు

గ్రేఫె మొదలుపెట్టిన పనిలో మన వైపు వాటా కూడా ఉంది. తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1819లో పెట్టిన మద్రాసు కంటి ఆసుపత్రిలో రాబర్ట్ హెన్రీ ఇలియట్ అనే వైద్యుడు 1909లో గ్లాకోమాకు కొత్త ఆపరేషన్ ప్రకటించారు. కంటి తెల్లపొర అంచున చిన్న రంధ్రం చేసి నీటికి బయటికి దారి ఇవ్వడం దాని కిటుకు. మద్రాసులో పుట్టిన ఆ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. 1968లో కేంబ్రిడ్జ్‌లో వచ్చిన ఇప్పటి ఆపరేషన్ కూడా ఆ ఆలోచన వరసలోదే.

అమెరికాలో పనిచేసి తిరిగి వెళ్ళిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో ఎల్. వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల ప్రారంభించారు. 1990లలో ఆ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్ళకు వెళ్ళి కళ్ళు పరీక్షించే పెద్ద అధ్యయనం చేసింది. హైదరాబాదు నగరంలో మూల తెరిచి ఉండే రకం గ్లాకోమా బయటపడినవారిలో పదిమందికి తొమ్మిదిమంది పైగా, అప్పటిదాకా తమకు ఆ జబ్బు ఉందని ఎరగరు. గ్రేఫె పోయిన నూటపాతికేళ్ళ తర్వాత, పెద్ద ఆసుపత్రులున్న నగరంలో పరిస్థితి ఇది!

మనం చేయగలిగింది

గ్లాకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, అదీ ముందుగా తెలిస్తేనే. నలభై దాటినవారు, అమ్మానాన్నలకో అన్నదమ్ములకో ఈ జబ్బు ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్ మందులు చాలాకాలం వాడినవారు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కంటి చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు, అది ప్రెషర్ పెంచగలదు.

ఒక్క ప్రెషర్ కొలిచి సరిపెట్టుకోవద్దు. మామూలుగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కాని అంతకు లోపలే ఉండి నాడి దెబ్బతిన్నవారూ ఉన్నారు, పైన ఉండి దెబ్బతిననివారూ ఉన్నారు. నాడి మొదలు గుంట చూశారా, మూల చూశారా, అవసరమైతే పక్కచూపు పరీక్ష, నరాల పొర మందం కొలిచే స్కాన్ చేశారా అని అడగండి. మూల చూడడానికి కంటికి ఒక అద్దం ఆనించి చూస్తారు. మన దేశంవాళ్ళలో మూల మూసుకునే రకం గ్లాకోమా కూడా తక్కువేమీ కాదు, అందుకే అది వదిలేయకూడదు. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, విపరీతంగా నొప్పిపెట్టి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, వాంతులైతే తెల్లవారేదాకా ఆగవద్దు.

పెద్దవాళ్ళు మన దగ్గరికి వచ్చేటప్పుడు వారికి కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో కంటి చెకప్ సాధారణంగా ఉండదు. అందుకని టిక్కెట్టు కొన్నప్పుడే, విమానం ఎక్కకముందే అక్కడ పూర్తి పరీక్ష చేయించండి. శుక్లం ముదరనివ్వండి అని ఎవరైనా చెబితే, శుక్లం వెనకాల నాడి ఎలా ఉందని ఒక్క ప్రశ్న అడగండి.

మా మామయ్యగారికి ఒక కంటిలో కాస్త చూపు మిగిలింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి అత్తయ్య చుక్క వేస్తుంది, ఆ మిగిలింది నిలిచింది. ఆయనకు కన్ను కనపడని వైపు ఇంట్లో ఎవరో ఒకరు నడుస్తారు. ఆ ఒక్క ప్రశ్న రెండేళ్ళ ముందు మేమెవరమైనా అడిగి ఉంటే, ఆ అవసరం వచ్చేది కాదు.